అక్క చేతికి అందని స్క్రోల్ బార్

అక్క కువైట్ నుంచి పూర్తిగా వచ్చేసిన ఏడాది మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. ఆమె కూర్చుందామన్నా చేతులు కూర్చోనిచ్చేవి కావు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లోనే ఆడేది. ఎడంచేత్తో అదిమిపెడితే రెండూ కలిసి ఆడేవి. దాంతో లేచి వరండాలోకి వెళ్లేది, వరండాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి దొడ్లో కొబ్బరి చెట్ల దాకా. ఆమె ఎటు నడిస్తే నా చూపు అటు. కాలేజీలో పాఠం చెబుతున్నా నా చెవులు ఇంట్లోనే ఉండేవి.

మేముండేది రాజోలులో. మా ఆయనకి మందుల షాపుంది. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉదయం పూట కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అక్క నాకంటే బాగా పెద్దది. పెళ్లయిన కొన్నాళ్లకే బావ పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో ఆడవాళ్లు కొందరు కువైట్ వెళుతుంటే వాళ్లతో కలిసి వెళ్లి, అక్కడ ఒకే ఇంట్లో వంటకి కుదిరింది. ఆ ఇంటి పిల్లలు పెరిగి పెద్దవాళ్లై, వాళ్లకి పిల్లలు పుట్టేదాకా ఆ వంటింట్లోనే ఉంది. ఒకరోజు టీ గిన్నె చేతిలోంచి జారిపోయింది. కొన్నాళ్లకి ఇంకోటి. వాళ్లు ఒక్క మాటా అనకుండా, మర్యాదగానే, టికెట్ తీసి పంపేశారు.

అమలాపురంలో నరాల డాక్టరు గారు ఆమె చేతులు చాపించి, నడిపించి చూసి, "ఇది పోయేది కాదమ్మా. అదుపులో పెట్టుకునేది," అన్నారు.

బస్సులో వస్తూ అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "అదుపులో పెట్టుకోవడం నాకు కొత్తేంటే? ఇన్నాళ్లూ చేసిందదేగా."

ఆమె కోరికలు చాలా తక్కువ. నగలడగలేదు, గుళ్లూ గోపురాలూ అడగలేదు. చదువుకోవాలని ఉందంది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. నేను తెల్లబోయి చూస్తే, చదువంటే చదువు కాదే, కథలు, అంది. కువైట్‌లో ఆమెకి దొరికిన తెలుగంతా ఇక్కణ్నుంచి ఎవరైనా తెచ్చిన అరిసెలకీ, కారప్పొడికీ చుట్టిన పేపరు ముక్కలేనట.

"సగం కథే ఉండేదే. మిగతా సగం ఎవరి మూటకి చుట్టేరో. ఒక కథలో పిల్ల నూతిలో దూకిందో లేదో తెలీకుండా ఎన్నేళ్లు గడిపేనో నీకేం తెలుసు?"

పుస్తకాలు తెచ్చిచ్చాను. చేతిలో పుస్తకం ఆడితే అక్షరాలూ ఆడాయి. బల్లమీద పెట్టి చదువుదామంటే పేజీ తిప్పేటప్పుడు నాలుగైదు కలిసి వచ్చేసేవి, ఒకటి చిరిగేది. ఫోనులో కథలు తెరిచిచ్చాను. వేలు ఆనించగానే పేజీ జర్రున ఎక్కడికో పోయేది. ఇంకేదో తెరుచుకునేది. ఒకసారి కథ చదవబోయి మా కాలేజీ ప్రిన్సిపాల్ గారికి వీడియో కాల్ చేసింది. ఆయన భోజనం చేస్తూ ఎత్తి, "చెప్పండమ్మా," అన్నారట. అక్క ఫోను మంచం మీద పడేసి దొడ్లోకి పోయింది.

పోనీ నేనే చదివి వినిపిస్తానన్నాను. రెండు పేజీలు విని చెయ్యెత్తింది.

"వద్దులే. నువ్వు చదివితే అది నీ కథలాగుంది. నాకు ముందుకెళ్లి చూడాలని ఉంటాది, మళ్లీ వెనక్కి రావాలని ఉంటాది. నిన్నెన్నిసార్లు ఆపను?"

అప్పుడు గుర్తొచ్చింది వెనకగదిలో పాత చీర కప్పుకుని ఉన్న కంప్యూటరు.

పెళ్లికి ముందు నేను అమలాపురంలో ఒక ప్రెస్సులో డీటీపీ చేసేదాన్ని. పగలంతా శుభలేఖలు, కరపత్రాలు టైపు చేసి, సాయంత్రం బస్టాండు దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పోయి, విండోలూ మౌసూ కొత్తగా వచ్చిన రోజులు. ప్రెస్సు మూసేసినప్పుడు ఓనరు గారు నా కంప్యూటర్ని నాకే ఇచ్చేశారు. దూడంత బరువున్న మానిటరు, అడుగున రబ్బరు బంతి తిరిగే మౌసు. రెండిళ్లు మారినా దాన్ని పారెయ్యలేదు.

"కొత్తది కొందాం కదా, వదినగారికి అంతగా కావాలంటే," అన్నారు మా ఆయన.

కొత్తవాటిని నేను వాడగలను. పాతదానికైతే నాకు కావలసినట్టు విండో రాసుకోగలను, అదీ తేడా. పైగా ఇప్పటి కంప్యూటర్లలో స్క్రోల్ బార్ వెంట్రుక అంత సన్నం. దాని దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు కూడా. పాతదాంట్లో అయితే కుడిపక్కన నిలువునా వెడల్పాటి పట్టీ, పైనొక బాణం, కిందొక బాణం, మధ్యలో పైకీ కిందకీ జరిగే బిళ్ల. అక్కకి చూడగానే అర్థమయ్యేలా ఉంటుంది.

చదవడానికి కథ కూడా అందులోనే ఉంది. కపిలేశ్వరపురం నుంచి ఒక హిందీ మాస్టారు అప్పట్లో తన నవల పట్టుకుని ప్రెస్సుకి వచ్చేవారు. గోదావరి మధ్య తేలిన లంకలో పుట్టిన ఒక పిల్ల కథ. పడవ నడిపే ఇంట్లో పుట్టి, లంక దాటి బతకాలనుకుంటుంది. మాస్టారు చెప్పులు బయట విడిచి, నా వెనక నిలబడి, ఒక్కో మాటా తెరమీద పడుతుంటే చూసేవారు. అధ్యాయానికో ఫైలు చొప్పున మొత్తం టైపు చేశాను. అచ్చుకి వెళ్లకముందే ప్రెస్సు మూతబడింది. ఫైళ్లు డిస్కులో ఉండిపోయాయి.

ప్రెస్సు సాఫ్ట్‌వేర్ తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. అందుకని కాలేజీ నుంచి వచ్చాక మధ్యాహ్నాలు కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక విండో, అందులో పెద్ద అక్షరాలు, పక్కన స్క్రోల్ బార్. అంతే. మొదటి అధ్యాయం తెరిచి అక్కని కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఈ బాణం నొక్కితే ఒక్క వరస జరుగుతుంది. బాణానికీ బిళ్లకీ మధ్య ఖాళీలో నొక్కితే ఒక పేజీ. బిళ్లనే పట్టుకుని లాగితే ఎక్కడికంటే అక్కడికి."

"బిళ్లే బావుంది," అంది.

రెండు చేతులతో మౌసు పట్టుకుని బిళ్లని కిందికి లాగింది. కథ కదిలింది. చెయ్యి తీసింది. బిళ్ల గబుక్కున పైకి పోయి మొదట్లో కూర్చుంది. కథ మాత్రం కిందే ఉంది.

అది నా మతిమరుపే. ఇన్‌స్టిట్యూట్‌లో మా సార్ మొదటి రోజే చెప్పిన సంగతి. స్క్రోల్ బార్ తనంతట తాను ఏమీ చెయ్యదు. ఎవరో బాణం నొక్కారనీ, ఎవరో బిళ్లని ఇంత దూరం లాగారనీ ప్రోగ్రాంకి కబురు పంపుతుంది. అక్షరాల్ని జరపాల్సింది మనం. బిళ్ల ఇప్పుడెక్కడుండాలో దానికి చెప్పాల్సిందీ మనమే. చెప్పకపోతే అది బయల్దేరిన చోటికే వెళ్లిపోతుంది. "అది గంట కొడుతుందండీ, తలుపు మీరే తియ్యాలి," అనేవారాయన. ఒక్క వరస రాస్తే సరిపోయింది.

మర్నాడు మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి ఇంకా విచిత్రం. అక్క బిళ్లని సగం దాకా లాగేసరికి, చెయ్యి తియ్యకుండానే, అది పైకి గెంతింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ గెంతింది.

"ఏమే, నన్ను గెంటేస్తుందేంటే ఇది?"

ప్రోగ్రాం మొదటినుంచీ చివరిదాకా చూశాను. తప్పేమీ లేదు. నేను లాగితే చక్కగా వస్తోంది. అక్క లాగితే పారిపోతోంది. ఆ పూటంతా వంటింట్లోకి వెళ్లడం, పొయ్యి మీద ఏం పెట్టానో మర్చిపోవడం, తిరిగి తెర ముందుకి రావడం, ఇదే పని. చివరికి ఆమె పక్కన కూర్చుని తెరని కాకుండా ఆమె చేతిని చూశాను. కిందికి లాగుతూ ఉంటే చెయ్యి పక్కకి కూడా ఆడుతోంది. మౌసు గుర్తు పట్టీ దాటి కుడికీ ఎడమకీ పోతోంది. మరీ దూరం పోయిన క్షణాన బిళ్ల మొదటికి పోతోంది. నేనూ కావాలని చెయ్యి పక్కకి జరిపాను. నాకూ గెంతింది.

అది నా ప్రోగ్రాంలో లేదు. ఆ సిస్టమ్ చేసినవాళ్లే అలా పెట్టారు. బిళ్లని లాగుతూ లాగుతూ మనిషి మనసు మార్చుకుంటే, మౌసుని పక్కకి తీసుకుపోతే చాలు, అంతా మొదట ఉన్నట్టే అయిపోతుంది. చేతులు బాగున్నవాళ్లకి అదొక సౌకర్యం. అక్క మనసేమీ మార్చుకోలేదు. చెయ్యి కదిలిందంతే.

ఇదంతా ఆమెకి చెప్పబోయాను. ఆమె వినే స్థితిలో లేదు. ఇంకోసారి పట్టుకుంది, ఇంకోసారి గెంతింది. మౌసుని నేలకేసి కొట్టింది. అడుగున మూత ఊడి రబ్బరు బంతి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"నువ్వు పనికిరావు పొమ్మని దీంతో కూడా చెప్పించాలా?" అని, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

బంతి కోసం మంచం కింద దూరి, దొరక్క, అది వదిలేసి ఆమె వెనక పరిగెత్తాను. ఆ ఎండలో ఎటు పోయిందో తెలియలేదు. కాలవగట్టు మీద చూశాను. మా ఆయన షాపు దగ్గర చూశాను. "ఇటు రాలేదే," అని ఆయన కూడా షట్టరు సగం దించి బయల్దేరారు. చివరికి బస్టాండులో బెంచీ మీద దొరికింది. ముందు అమలాపురం బస్సు ఆగి ఉంది. జనం ఎక్కుతున్నారు. ఆమె చేతులు రెండూ చీర కొంగులో దాచుకుని కూర్చుంది.

"ఎక్కడికక్కా?"

"ఎక్కడికో తెలిస్తే ఎక్కేదాన్ని కదే."

పక్కన కూర్చున్నాను.  బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చి ఆగింది.

"అక్కడ ఆ ఇంట్లో ఎవరు పిలిచినా వెళ్లేదాన్ని. పడుకున్నా సరే, తింటున్నా సరే. నేనెప్పుడూ నా అంతట నేను ఒక పని మొదలెట్టి, నా అంతట నేను ఆపలేదే. ఈ కథైనా నాకిష్టమొచ్చిన చోటికి వెళ్లి, నాకిష్టమొచ్చినప్పుడు ఆగుదామనుకున్నాను. అదీ వెనక్కి లాగేస్తుంది."

అప్పటిదాకా ఆమెకి ఏదో కాలక్షేపం చూపిద్దామనే అనుకున్నాను. ఆ బెంచీ మీద కూర్చున్నాక అలా అనుకోలేకపోయాను. మా ఆయన ఆయాసపడుతూ వచ్చి, మమ్మల్ని చూసి, మూడు సోడాలు తెచ్చారు.

"ఇంటికెళ్దాం రండి వదినగారూ. ఎండగా ఉంది."

"ఆయ్, పదండి మరిదిగారూ," అని లేచింది.

సిస్టమ్ ఇచ్చే స్క్రోల్ బార్‌తో ఇక లాభం లేదని తేలిపోయింది. దాని పద్ధతి మార్చడానికి వీల్లేదు. కాబట్టి దాన్ని తీసేసి, విండో కుడిపక్కన నేనే ఒక బార్ గీసుకోవాలి. బాణాలు, బిళ్ల, నొక్కితే ఏం జరగాలి, వదిలితే ఏం జరగాలి, అన్నీ మొదటినుంచీ. ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటిది ఎప్పుడూ చెయ్యలేదు. ఉన్నది వాడుకోవడమే నేర్పారు.

ఆ రోజుల్లో నాకు ఏ పనీ పూర్తిగా చేసిన గుర్తు లేదు. బోర్డు మీద ఒకటి రాస్తూ ఇంకొకటి ఆలోచించేదాన్ని. కూర తరుగుతూ మధ్యలో కత్తిపీట వదిలేసి వెళ్లి రెండు వరసలు మార్చి వచ్చేదాన్ని. అక్క వరండాలో పచార్లు చేస్తూ ప్రతిసారీ గుమ్మం దగ్గర ఆగి, "అయ్యిందా?" అనేది. అవలేదంటే మళ్లీ ఒక చుట్టు. ఆమె అడుగుల చప్పుడు వింటూ రాస్తే తప్పులు పడేవి. చప్పుడు ఆగిపోతే ఇంకా భయమేసేది, లేచి వెళ్లి చూసేదాన్ని.

మంచం జరిపి బంతి వెతికి మౌసులో పెట్టి, మొదట బార్ వెడల్పు పెంచాను, రెండు వేళ్లంత. తర్వాత అక్క బిళ్లని ఒకసారి పట్టుకుంటే, ఆమె వదిలేదాకా మౌసు కబుర్లన్నీ నా విండోకే వచ్చేలా చేశాను, మౌసు గుర్తు తెర అంచు దాకా పోయినా సరే. అందులోంచి పైకీ కిందకీ ఎంత కదిలిందన్నది మాత్రమే తీసుకుని, పక్కకి ఎంత పోయిందన్నది పూర్తిగా వదిలేశాను. ఇక బిళ్ల గెంతడానికి కారణమే లేదు.

ఆమెని పిలిచాను. పట్టుకుంది. లాగింది. వచ్చింది. గెంతలేదు. కానీ బిళ్లతో పాటు అక్షరాలన్నీ వణికాయి. ఆమె చెయ్యి ఎలా ఆడుతోందో కథ కూడా అలాగే ఆడుతోంది.

"నా రోగం దీనికీ అంటించేవా?" అని నవ్వింది. వచ్చాక ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ప్రతి కదలికనీ అప్పటికప్పుడు తెరమీద చూపించకుండా, వెనకటి కొన్ని కదలికల్ని కలిపి వాటి సగటు చూపించేలా మార్చాను. వణుకు పోయింది. అక్క లాగి చూసి మొహం చిట్లించింది.

"బురదలో పడవ లాగుతున్నట్టుందే. నేనెక్కడో ఉంటే అదెక్కడో ఉంది."

సగటు తీసే కదలికల్ని తగ్గించాను. వణుకు కొంచెం వచ్చింది. ఇంకొంచెం పెంచాను. ఇలా రోజూ ఆమె లాగడం, నేను అంకె మార్చడం. దర్జీ దగ్గర జాకెట్టు వేసుకుని చూసినట్టు, ఇక్కడ బిగువు, అక్కడ వదులు అంటూ చెప్పేది. వేలు వణికి బటను దానంతటదే వదిలేసినప్పుడు వెంటనే వదిలినట్టు లెక్కవెయ్యకుండా, ఒక్క రెప్పపాటు ఆగి, మళ్లీ నొక్కితే పట్టుకునే ఉన్నట్టు చేశాను. అలా చెయ్యమన్నది ఆమే. "జారినంత మాత్రాన వదిలేసినట్టు కాదు కదే," అంది.

ఒక మధ్యాహ్నం ఆమె బిళ్లని సగం దాకా లాగి, ఆపి, చెయ్యి పూర్తిగా తీసేసి ఒళ్లో పెట్టుకుంది. తెర కదల్లేదు. నా వైపు చూడలేదు. పెదాలు కదుపుతూ చదవడం మొదలెట్టింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. ఏదో పనుందనే వెళ్లాను కానీ, ఏమిటో తెలియక అక్కడే నిలబడ్డాను.

అధ్యాయం అయిపోగానే ఇంకో ఫైలు తెరిచి పెట్టమని పిలిచేది. రోజుకి ఎన్నోసార్లు పిలుస్తుంటే, నవలంతా ఒకే ఫైలుగా కలిపేశాను. ఇక నన్నడక్కుండా ఆమె ఎటంటే అటు తిరగొచ్చు. తిరిగింది కూడా. ఆమె వరసగా చదివే మనిషి కాదు. పెళ్లిచూపులకి ఎవరో వస్తున్నారని తెలిస్తే, ఆ పిల్ల ఒప్పుకుందో లేదో ముందుకెళ్లి చూసి, ఊపిరి తీసుకుని, వెనక్కొచ్చి మిగతాది చదువుకునేది. పక్కింటివాళ్లు పిలిచినా పలికేది కాదు.

మూడు పూటలు బాగానే గడిచాయి. తర్వాత ఒకరోజు కేక.

"ఒసేయ్, ఇటు రా! వరదలో ఉన్నాను నేను. పడవ తాడు తెగింది. కిందికి ఒక్క వరస జరిపేను, తీసుకెళ్లి మళ్లీ పెళ్లిచూపుల్లో పడేసింది."

నిజమే. నవల మొదటి పేజీకి వచ్చేసింది. వరద దాకా మళ్లీ లాగాను. అదే చోట, అదే వరస దగ్గర, మళ్లీ మొదటికి పోయింది.  ఈసారి సిస్టమ్ తప్పు కాదు, నా లెక్కే. ఏ వరసలో ఉన్నామో ఆ అంకెని వరస ఎత్తుతో గుణించి, కథ ఎంత కిందికి జరగాలో తేల్చుకునేదాన్ని. ఆ పాత కంప్యూటర్లో మామూలు అంకెకి ముప్ఫై రెండు వేల చిల్లర వరకే చోటుంటుంది. అది దాటితే పొంగి, సున్నా కంటే కిందికి పోతుంది. సున్నా కంటే తక్కువ వస్తే కథని మొదటికి తీసుకెళ్లమని నేనే రాసిపెట్టాను. ఒక్కో అధ్యాయం విడివిడిగా ఉన్నప్పుడు అంత దూరం ఎప్పుడూ పోలేదు. అంతా కలిపేసరికి వరద దగ్గర ఆ అంకె పొంగింది.

పెద్ద అంకెలు పట్టే చోటుకి ఆ లెక్కని మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ అంతసేపూ అక్క నా కుర్చీ వెనకే నిలబడి, "ఆ పిల్ల నీళ్లలో ఉందే, తొందరగా కానీ," అంటూ నా భుజం పట్టుకుంది. ఆమె చేతి వణుకంతా నా భుజంలోకి వచ్చింది.

నవల పూర్తయిన రోజు సాయంత్రం భోజనానికి రాలేదు. వరండాలో తిరుగుతూనే ఉంది. బాధనుకుని పలకరించబోతే, అది కోపం.

"అంత ఈది ఒడ్డుకొచ్చిన పిల్లని మళ్లీ ఆ లంకలోకే పంపేసేడే. ఏడుస్తున్న మేనమామ కోసమంట. ఇది రాసిన మాస్టారు ఎక్కడుంటారే?"

"ఎప్పటి మాటో అక్కా. ఉన్నారో లేదో."

"కనుక్కో."

కపిలేశ్వరపురంలో మా కాలేజీ అమ్మాయి ఒకామె బంధువులున్నారు. వాళ్లనడిగితే ఉన్నారన్నారు. చాలా పెద్దవారైపోయారనీ, చెవులు సరిగా వినబడవనీ చెప్పారు. అక్క ఒక్క రోజు కూడా ఆగనివ్వలేదు. డాక్టరు గారు మార్చిన మాత్రలు పొద్దుటి పూట బాగా పనిచేస్తున్నాయి, అందుకని పొద్దున్నే బయల్దేరాం. అమలాపురంలో బస్సు మారి, కొత్తపేట మీదుగా రావులపాలెం. అక్కణ్నుంచి గోదావరి వంతెన దాటి ఆటో. దారంతా ఆమె సీటు అంచునే కూర్చుంది. "అడగొచ్చా? ఏమైనా అనుకుంటారా?" అని నన్నడిగి, నేను జవాబిచ్చేలోగా, "అనుకోనీ," అని తనే అనేది.

మాస్టారు అరుగు మీద పడకకుర్చీలో ఉన్నారు. కోడలు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"మీ నవల చదివేరంట మావయ్యగారూ! రాజోలు నుంచి వచ్చేరు!"

"నవలా?" అన్నారాయన. "ఏ నవలండీ?"

నేను ప్రెస్సు సంగతి చెప్పాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ప్రెస్సు లీలగా గుర్తుంది. నవల రాసినట్టు గుర్తుంది. అందులో ఏముందో గుర్తు లేదు. ఇంట్లో రాతప్రతి కూడా లేదట. అక్క మొహం పాలిపోయింది. ఇంత దూరం దెబ్బలాడ్డానికి వచ్చిన మనిషి. కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.

"నే చెప్తానుండండీ," అంది.

మొదలెట్టింది. పడవ నడిపే ఇల్లు, పెళ్లిచూపులు, వరద. చేతులు తిప్పుతూ చెప్పింది. తాడు తెగిన చోట ఆమె చెయ్యి గాల్లో వణుకుతుంటే అది రోగమని ఎవరూ అనుకోరు, నీళ్లే అనుకుంటారు. మాస్టారు ముందుకి వంగి ఆమె పెదాల వైపే చూస్తూ విన్నారు. మధ్యమధ్యలో "ఆయ్... ఆయ్..." అంటున్నారు. కోడలు గారు వంట వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల ఒడ్డుకి చేరింది. మేనమామ ఏడుస్తూ వచ్చాడు. అక్కడ అక్క ఆగింది.

"తర్వాతేమైందండీ?" అని అడిగారు మాస్టారు.

అక్క నా వైపు చూసింది. 

"ఎళ్లలేదండీ," అంది గట్టిగా. "మేనమామకి అన్నం పెట్టి, పడవెక్కించి పంపేసింది. తను బస్సెక్కింది."

మాస్టారు చెవి ఇటు తిప్పారు. "ఏ ఊరి బస్సండీ?"

"అది నాకూ తెలీదండీ. ఇంకా అనుకోలేదు."

"ఆయ్, బావుందండి. బాగా రాసేను," అన్నారాయన తృప్తిగా.

కోడలు గారు పకపకా నవ్వి, భోజనం చేస్తే గానీ వెళ్లనివ్వనంది. తిన్నాం. ఆ పూట అక్క చేతిలోంచి అన్నం ముద్ద రెండుసార్లు జారింది. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు. ఆమె కూడా దాచుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రావులపాలెంలో బస్సు కోసం నిలబడి ఉండగా, అక్క ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆ చివర మార్చి టైపు చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. కానీ అది ఆయన రాసింది కదక్కా."

"ఆయన బావుందన్నారు కదే. పాతది తీసెయ్యొద్దు. దాని కింద పెట్టు, కావలసినవాళ్లు కావలసింది చదువుకుంటారు." నా మోచెయ్యి వదిలింది. "అప్పుడు కథ పొడుగైపోద్ది. బిళ్లతో మళ్లీ తంటా వస్తుందా?"

"రాదు. ఎంత పొడుగైతే అంతకీ అదే సర్దుకుంటుంది. అలాగే రాసేను."

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికే ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి, ఫైలు తెరిచి, బిళ్లని అడుక్కి లాగి పెట్టుకుంది. పక్కన నాకో కుర్చీ. నేను చేతులైనా కడుక్కోకుండానే చెప్పడం మొదలెట్టింది. మొదటి వాక్యం దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆ పిల్ల ముందు అన్నం పెట్టాలా, ముందు బస్సు వేళ కనుక్కోవాలా అని.